ధోబీ తలావ్ మెట్రో ఎవరి చేతి పని?

ఈమధ్య మన తెలుగువాళ్ళు పండక్కి వేసిన ఒక సంచికలో ముంబై పాత సినిమా హాళ్ళ మీద పొడుగాటి వ్యాసం వచ్చింది. రాసినాయన దాదర్ వైపు మనిషి. రీగల్‌కు పేజీన్నర, ఈరాస్‌కు పేజీ ఇచ్చి, మా మెట్రోకు చివర మిగిలిన చోట్లో నాలుగు వాక్యాలు పడేశాడు. ఆ నాలుగింటిలోనూ ఒకటి తకరారు పెట్టేదే. మెట్రోను అసలు కట్టింది బొంబాయి ఆర్కిటెక్టు డిచ్‌బర్న్ అట. న్యూయార్కు ఆర్కిటెక్టు థామస్ లాంబ్ పేరు కేవలం సినిమా కంపెనీవాళ్ళు గొప్ప కోసం తగిలించుకున్నదట.

ధోబీ తలావ్‌లో పుట్టి పెరిగినవాడు ఎవడైనా ఉంటే ఇది చదివి ఊరుకోడు. నేనూ ఊరుకోలేకపోయాను.

చోటు గురించి మీకు చెప్పనక్కర్లేదు. మునిసిపాలిటీ రికార్డుల్లో అది వాసుదేవ్ బల్వంత్ ఫడ్కే చౌక్. అలా చెబితే టాక్సీవాడు తల గోక్కుంటాడు, మెట్రో అంటే మీటరు వేస్తాడు. కాల్బాదేవి నుంచి, ప్రిన్సెస్ స్ట్రీట్ నుంచి, గిర్గాం నుంచి, వీటీ నుంచి, మెరైన్ లైన్స్ నుంచి వచ్చే దారులన్నీ ఆ మూలకే వచ్చి చిక్కుపడతాయి. ఎదురుగా జేర్ మహల్, దాని కింద 1904 నాటి కయానీ. కయానీలో గళ్ళ గుడ్డ పరిచిన బల్ల దగ్గర బన్ మస్కా తింటూ తల ఎత్తితే మెట్రో బురుజు కనిపిస్తుంది. అందుకే మా పేటలో మెట్రో మీద అభిప్రాయం లేనివాడు లేడు.

ముందు ఎవరూ కాదనలేని సంగతులు. మెట్రో 1938 జూన్ 8న తెరుచుకుంది. కట్టించింది హాలీవుడ్ కంపెనీ ఎంజీఎం, స్వయంగా తన సొమ్ముతో, తన సినిమాలు ఆడించుకోవడానికి. మొదటి బొమ్మ ఎలినార్ పవెల్ నాట్యం చేసిన 'బ్రాడ్‌వే మెలొడీ ఆఫ్ 1938'. హాల్లో దాదాపు 1500 సీట్లు. నక్షాకు చెప్పే పేరు న్యూయార్కు థామస్ లాంబ్‌ది, ఇక్కడ దగ్గరుండి చూసుకున్నది డేవిడ్ విలియం డిచ్‌బర్న్. ఇంతవరకు దాదర్ ఆయనకూ నాకూ పేచీ లేదు. ఇద్దరిలో ఎవరిది అసలు పని, ఎవరిది కొసరు పని అన్నదగ్గరే తగాదా.

ఆయన పొరపాటు ఎక్కడుందంటే, లాంబ్ ఎవరో పట్టించుకోకుండా తీర్పు చెప్పేశాడు. అందుకని ఆ మనిషి సంగతి కాస్త విపులంగానే చెబుతాను. ఓపిక లేనివాళ్ళు డిచ్‌బర్న్ దగ్గరికి దూకేయవచ్చు.

లాంబ్ పుట్టుక స్కాట్లండ్‌లోని డండీలో. పన్నెండేళ్ళ వయసులో, 1883లో, అమెరికా చేరాడు. న్యూయార్కు కూపర్ యూనియన్‌లో చదువుకుని 1898లో బయటికి వచ్చాడు. తర్వాత కొన్నాళ్ళు నగర పాలకసంస్థలో భవనాల తనిఖీ ఉద్యోగం. నా లెక్కలో అతనికి అసలైన బడి ఆ ఉద్యోగమే. 1903 చివర్లో చికాగో ఇరోక్వాయ్ థియేటర్ తగలబడి 600 మందికి పైగా చనిపోయారు. బయటికి వెళ్ళే తలుపులు తాళాలు వేసి ఉండటం, కొన్ని తలుపులు ఎలా తెరుచుకుంటాయో జనానికి తెలియకపోవడం ప్రాణాలు తీశాయి. ఆ తర్వాత అమెరికాలో థియేటర్ కట్టేవాడికి అందం కంటే ముందు తలుపుల లెక్క, మెట్ల వెడల్పు, బాల్కనీ ఖాళీ అయ్యే దారి తెలిసి ఉండాల్సి వచ్చింది. తనిఖీ చేసినవాడికి ఇవన్నీ కంఠతా ఉంటాయి. ముస్తాబు తెలిసిన ఆర్కిటెక్టులు న్యూయార్కులో చాలామందే ఉన్నారు గానీ, రెండు వేలమందిని లోపలికి పంపి, మళ్ళీ తొక్కిసలాట లేకుండా బయటికి తేవడం తెలిసినవాళ్ళు తక్కువ.

1909లో విలియం ఫాక్స్ కోసం పద్నాలుగో వీధిలో సిటీ థియేటర్ కట్టి పేరు తెచ్చుకున్నాడు. అప్పటికి సినిమా అంటే అక్కడ కొట్టు గదిలో బల్లలు వేసి చూపించే అయిదు సెంట్ల వినోదం. దానికి మహలు కట్టాలన్న ఆలోచన నిలబడింది 1913లో, హార్లెం దగ్గర 116వ వీధిలో లాంబ్ కట్టిన రీజెంట్‌తో. సుమారు 1800 సీట్లు, వెనిస్ మేడను తలపించే ముఖద్వారం, లోపల ఆర్కెస్ట్రా. మొదట్లో నడవలేదు. రోక్సీ అని పిలిచే శామ్యూల్ రోథాఫెల్ చేతికి వచ్చాక జనం క్యూ కట్టారు. మరుసటి ఏడాదే బ్రాడ్‌వే మీద స్ట్రాండ్, దాదాపు మూడు వేల సీట్లతో. 1919లో క్యాపిటల్, అయిదు వేల పైచిలుకుతో. నాటకాల వీధి నడిబొడ్డున నాటకశాలల కంటే పెద్ద భవనాలు సినిమాకు లేచాయి. వాటి మీదున్న పేరు ఒక్కడిదే.

ఈ హాళ్ళలో అతను ఎక్కువగా పట్టుకున్న పద్ధతి ఆడమ్ పద్ధతి. పద్దెనిమిదో శతాబ్దంలో రాబర్ట్ ఆడమ్ ధనవంతుల ఇళ్ళకు చేసిన పని: లేత రంగులు, సన్నని పూలతీగలు, గుండ్రని పతకాలు. ఆడమ్ కూడా స్కాట్లండ్ వాడే. ఊరివాడి మీద అభిమానం సముద్రం దాటినా పోదని మనకు వేరే చెప్పాలా?

అదే రోజుల్లో టొరంటోలో ఇతను కట్టిన జోడు హాలు చూస్తే మతి పోతుంది. కింద ఎల్గిన్, దాని నెత్తిన వింటర్ గార్డెన్. 1913లో కిందిది, 1914 మొదట్లో పైది తెరిచారు. పై హాలు కప్పు నిండా నిజం బీచ్ చెట్టు ఆకులు కొమ్మలతో సహా వేలాడదీసి, మధ్యలో దీపాలు పెట్టారు. చలికాలంలో తోటలో కూర్చున్నట్టు ఉండాలని. ఆ జోడు ఇప్పటికీ నడుస్తోంది.

మొత్తం మీద మూడు వందలకు పైగా థియేటర్లు ఆ ఆఫీసు నుంచి వెళ్ళాయని చెబుతారు. 1925 నాటి మాడిసన్ స్క్వేర్ గార్డెన్ అతనిదే. 1927లో జోసెఫ్ అర్బన్‌తో కలిసి జీగ్‌ఫెల్డ్ థియేటర్, 1928లో కొలంబస్ నగరంలో ఒహాయో థియేటర్, 1929లో శాన్‌ఫ్రాన్సిస్కోలో 4600 సీట్లకు పైబడిన ఫాక్స్.

ఇప్పుడు మెట్రో సంగతికి పనికొచ్చే మాట. లాంబ్‌కు అందరికంటే పెద్ద ఖాతాదారు మార్కస్ లో అనే ఆసామి. హాళ్ళ గొలుసు నడిపేవాడు. తన హాళ్ళకు బొమ్మలు చాలక 1924లో మెట్రో, గోల్డ్‌విన్, మేయర్ కంపెనీలను కలిపి ఎంజీఎంను తయారుచేశాడు. అంటే ఎంజీఎం అనే సింహం ఆ హాళ్ళ కంపెనీ పెంచుకున్నదే. ఆ కంపెనీకి ఏళ్ళ తరబడి హాళ్ళు గీసి ఇచ్చింది లాంబ్. అలాంటప్పుడు ఎంజీఎం విదేశాల్లో మెట్రో పేరుతో హాళ్ళు కట్టదలిస్తే కాగితాలు ఎవరి బల్ల మీదికి వెళ్తాయి? జోహానెస్‌బర్గ్ మెట్రో 1932. కలకత్తా చౌరంగీ మెట్రో 1935. మనది 1938. కైరోది ఆ తర్వాత. అన్నింటికీ మూలం ఒకే ఆఫీసు. దాదర్ పెద్దమనిషి బొంబాయిని ఒక్కదాన్నే చూశాడు కాబట్టి ఒక్క డిచ్‌బర్నే కనిపించాడు. కలకత్తాది పక్కన పెట్టి చూసుంటే ఆ మాట రాసేవాడు కాదు.

పేరు పెట్టుకోవడం వేరు, గీయడం వేరు కదా అని ఆయన తరఫున ఎవరైనా అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. 1930ల నాటికి లాంబ్ ఒంటిచేత్తో పెన్సిలు పట్టుకుని ప్రతి గీతా గీసే దశలో లేడు. ఆఫీసులో జాన్ మెక్‌నమారా లాంటి సమర్థులైన సహచరులున్నారు. లాంబ్ పని అన్నప్పుడల్లా లాంబ్ ఆఫీసు పని అనే అర్థం చేసుకోవాలి. కానీ ఆ లెక్కన ప్రపంచంలో ఏ పెద్ద ఆర్కిటెక్టు పేరూ ఏ గోడ మీదా నిలవదు. వీటీ స్టేషన్‌ను ఎఫ్.డబ్ల్యు. స్టీవెన్స్ ఒక్కడే కట్టాడా?

ఇక డిచ్‌బర్న్. ఆయన్ను తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. జూన్ నెలలో మెట్రో మూలన గొడుగు పట్టుకుని నిలబడ్డవాడికి తెలుస్తుంది, న్యూయార్కులో కూర్చుని గీసిన గోడకు ఇక్కడి వాన ఏం చేయగలదో. కిటికీ పైన ఎంత చూరు ఉండాలి, డాబా నీళ్ళు ఎటు వాలాలి, మునిసిపాలిటీ రోడ్డుకు ఎంత వదలమంటుంది, కాంట్రాక్టరు ఎక్కడ చేయి దులుపుకుంటాడు: ఇవి ఊళ్ళో ఉన్నవాడు తేల్చాల్సినవి. ఆ పని లేకపోతే మెట్రో లేదు. కానీ హాలు హాలుగా నిలబడేది వేటి వల్ల? బాల్కనీలో చివరి వరసవాడికి కూడా ముందువాడి తలకాయ అడ్డం రాకుండా తెర కనిపించాలి, స్తంభం ఎదురు రాకూడదు, మాట ప్రతిధ్వనించకూడదు, ఆట విడిచాక జనం ట్రాఫిక్‌లో పడకుండా వీధిలోకి రావాలి. ముప్పై ఏళ్ళుగా ఇదే చేసినవాడి అనుభవం మన మూల మీద ఉంది. ఆ బురుజునే చూడండి. నాలుగు వైపుల నుంచి వచ్చేవాడికి దూరం నుంచే నిలువుగా పేరు కనిపించాలని మూలను పట్టి మెట్లుమెట్లుగా పైకి లేపాడు, రెండు రెక్కల్నీ రెండు రోడ్ల వెంట వాల్చాడు. బ్రాడ్‌వే మూలల మీద బతికినవాడి ఎత్తు అది.

నాకు అన్నిటికంటే వింతగా తోచే సంగతి, ఏ పుస్తకంలోనూ సరిగ్గా పట్టించుకోనిది, ఇంకొకటి ఉంది. 1920ల చివరికి లాంబ్ ఆడమ్ పూలతీగలు వదిలేసి తూర్పు దేశాల మీద పడ్డాడు. 1928లో సిరక్యూస్ నగరంలో కట్టిన హాలు ఇండో-పర్షియన్ స్వప్నం. 1930లో మన్‌హాటన్ 175వ వీధిలో కట్టినదాంట్లో హిందూ, చైనా, మూరిష్, బైజాంటిన్ పనులన్నీ కలిపి గోడలో ఒక్క అంగుళం ఖాళీ వదలకుండా చెక్కించాడు. అమెరికా కార్మికుడికి పావు డాలరుకు భారతదేశం చూపించాడన్నమాట. అలాంటివాడు నిజం భారతదేశంలో హాలు కట్టే అవకాశం వస్తే ఏం చేశాడు? ఒక్క ఏనుగు లేదు, ఒక్క తామరపువ్వు లేదు. నున్నటి గోడలు, నిటారు గీతలు, పైకి దూసుకుపోయే బురుజు.

దీన్ని మాంద్యం రోజుల పొదుపు అని కొట్టిపారేసినవాళ్ళున్నారు. కొంత నిజమే. మాటలొచ్చిన సినిమాకు అన్ని చెక్కుళ్ళు అక్కర్లేదన్న మాటా నిజమే. కానీ అసలు కారణం వ్యాపారమని నా నమ్మకం. సిరక్యూస్ వాడికి కావలసింది సిరక్యూస్ కానిది, గిర్గాం వాడికి కావలసింది గిర్గాం కానిది. కాల్బాదేవి బట్టల కొట్టు గుమాస్తా టికెట్టు కొని లోపలికి వెళ్తే న్యూయార్కు కనిపించాలి, గుడి గోపురం కాదు. గోపురం వాడు ఉచితంగానే చూస్తున్నాడు. ఈ తెలివి డిచ్‌బర్న్‌ది అంటే నేను నమ్మను. ఇది ప్రేక్షకుడి నాడి పట్టిన లాంబ్‌ది, ఎంజీఎంది.

పక్కపేటల వాళ్ళతో కూడా ఒక లెక్క తేల్చుకోవాలి. కొలాబా వాళ్ళు రీగల్ అంటే కాలరు ఎగరేస్తారు. 1933లో ఫ్రాంజీ సిధ్వా కట్టించింది, లారెల్ హార్డీ బొమ్మతో మొదలైంది, కింద కార్లకు చోటు, హాలంతా ఏసీ, కార్ల దగ్గర నుంచి పైకి లిఫ్టు. దాని ఆర్కిటెక్టు చార్లెస్ స్టీవెన్స్. వీటీనీ, దాని ఎదుటి మునిసిపాలిటీ భవనాన్నీ కట్టిన ఎఫ్.డబ్ల్యు. స్టీవెన్స్ కొడుకు. తండ్రి చేసినవి రెండూ మా మెట్రో నుంచి నడిచి వెళ్ళే దూరంలో ఉన్నాయి, కొడుకుది మాత్రం కొలాబాకు పోయింది. లోపల చెక్ చిత్రకారుడు కార్ల్ షారా వేసిన సూర్యకిరణాలు, లేత నారింజ, పచ్చ రంగుల్లో. బాగుంటుంది, కాదనను. చర్చ్‌గేట్ వాళ్ళకు ఈరాస్ ఉంది. 1938 ఫిబ్రవరిలో, మాకంటే నాలుగు నెలలు ముందు తెరిచారు. శియావక్స్ కంబాటా సొమ్ము, సొరాబ్జీ భేద్వార్ పని, ఎర్రని ఆగ్రా రాయి. పార్సీ డబ్బు, పార్సీ బుర్ర కలిసి కట్టిన ఆ భవనం బొంబాయి సొంతం. అందుకే పుస్తకాలు రాసేవాళ్ళకు దాని మీద మక్కువ. మెట్రో పరాయి కంపెనీ సొత్తు కాబట్టి దానికి వరుసలో మూడో చోటు. కానీ రీగల్‌కూ ఈరాస్‌కూ లేనిది ఒకటి మెట్రోకుంది. ఈ కళను కనిపెట్టినవాళ్ళలో ఒకడు గీసిన హాలు అది.

పరాయిది అనే మాట కూడా పూర్తిగా ఒప్పుకోను. లోపలి గోడల మీద బొమ్మలు వేసింది ఎవరు? మూల తిరిగితే వచ్చే జేజే స్కూల్ ఆఫ్ ఆర్ట్ విద్యార్థులు, తమ గురువు చార్లెస్ జెరార్డ్ పర్యవేక్షణలో. మొదటి ఫిలింఫేర్ బహుమతులు ఇచ్చింది ఎక్కడ? 1954 మార్చి 21న ఇక్కడే. బిమల్ రాయ్ 'దో బిఘా జమీన్'కు ఉత్తమ చిత్రం, దిలీప్ కుమార్, మీనా కుమారి ఉత్తమ నటులు. హాలీవుడ్ వాడు కట్టిన హాల్లో పొలం పోగొట్టుకుని రిక్షా లాగిన రైతు కథ నెగ్గింది.

ఆర్కిటెక్టుల పేర్ల కోసం ఇంత కొట్టుకుంటున్నాం కదా, ఇంకో మాట కూడా అనేస్తాను. ఈ ఊళ్ళో మనవాళ్ళు స్థిరపడ్డది ఇటుకా సున్నం మోసే. నిజాం ఇలాకా నుంచి కట్టుబడి పనికి వచ్చిన కామాఠీల పేరే కామాఠీపురకు పడింది. పేరు వినగానే జనం మొహం తిప్పుకునే ఆ గల్లీల్లోనే మా తాత కాపురం. పాలమూరు నుంచి వచ్చి మేస్త్రీ దగ్గర పనిలో చేరినవాడు. ఊళ్ళో తిరుగుతుంటే గోడలు చూపించి సిమెంటు పాలు ఎక్కువైందనో తక్కువైందనో అనేవాడే గానీ ఎవరు గీశారని ఎన్నడూ అడగలేదు. ముంబై కట్టడాల మీద వచ్చిన లావుపాటి పుస్తకాల్లో రాయి ఏ గని నుంచి వచ్చిందో ఉంటుంది, గడప గడపకు శైలి ఏమిటో ఉంటుంది. కామాఠీ అన్న మాట వెతికినా దొరకదు. మనవాళ్ళు వేసుకున్న సంచికలోనూ లేకపోవడమే నాకు ఎక్కువ కష్టం కలిగించింది.

మెట్రోకు మేము తెలుగు సినిమా కోసం ఎన్నడూ వెళ్ళలేదు, దానికి మాటుంగా అరోరా ఉండేది. మెట్రోకు వెళ్ళింది చల్లదనం కోసం, ఆ మెట్ల కోసం, కొత్త చొక్కా వేసుకున్నందుకు. ఎంజీఎం వాళ్ళు తర్వాత అమ్ముకుని వెళ్ళిపోయారు. 2006లో దాన్ని ఆరు తెరల మల్టీప్లెక్సు చేశారు. బోర్డు మీద కంపెనీ పేర్లు మారుతూ వచ్చాయి. ముఖం నిలిచింది. హాలు మాత్రం పోయింది. ఒక్క తెర ముందు 1500 మంది ఒక్కసారి నవ్వే చోటును ముక్కలు చేసి, అటు ఒకడు ఏడుస్తుంటే ఇటు ఇంకొకడు ఈల వేసే గదులుగా మార్చారు. వారసత్వ కట్టడం కాబట్టి బయటి గోడ కాపాడాం అంటారు. లాంబ్ అసలు విద్య లోపల ఉండేది.

అయినా అతని అమెరికాలో జరిగింది చూస్తే మనం నయమే అనిపిస్తుంది. శాన్‌ఫ్రాన్సిస్కో ఫాక్స్‌ను 1963లో, క్యాపిటల్‌ను 1968లో, స్ట్రాండ్‌ను 1987లో పడగొట్టారు. రీజెంట్ చర్చి అయింది. 42వ వీధిలో 1912లో కట్టిన ఎల్టింజ్ థియేటర్ గతి ఇంకా చిత్రం. 1998లో దాన్ని ఉన్నపళంగా పట్టాల మీదికెత్తి సుమారు 170 అడుగులు పడమరకు జరిపి, ఒక మల్టీప్లెక్సుకు వాకిలి గదిగా పెట్టారు. 175వ వీధి హాలును 1969లో ఒక మతబోధకుడు కొన్నాడు, కాబట్టి చెక్కుచెదరకుండా బతికింది. లాంబ్ 1942లోనే పోయాడు, ఇవేవీ చూడలేదు.

ఇప్పుడు చేయాల్సిన పని ఒకటుంది. మెట్రో వాకిట్లో ఒక రాతి పలక పెట్టాలని ధోబీ తలావ్ వాళ్ళం కొందరం అనుకుంటున్నాం. పైన లాంబ్ పేరు, దాని కింద డిచ్‌బర్న్ పేరు, ఆ కింద జెరార్డ్, ఆయన విద్యార్థులు, చివర కట్టుబడి పనివాళ్ళు అని నా ప్రతిపాదన. డిచ్‌బర్న్ పేరు పైకి రావాలని పట్టుబట్టేవాళ్ళు కాగితం తెచ్చి చూపించాలి. లాంబ్ ఆఫీసు నక్షాలు న్యూయార్కు కొలంబియా విశ్వవిద్యాలయంలోని ఎవరీ గ్రంథాలయంలో భద్రంగా ఉన్నాయి. మనవాళ్ళ పిల్లలు సగంమంది న్యూజెర్సీలోనే కాపురాలు పెట్టారు, ఒక్క శనాదివారం కేటాయించలేరా? ముందుగా రాసి అనుమతి తీసుకుని వెళ్ళండి, మెట్రో బొంబాయి అని అడగండి. వెళ్ళినవాళ్ళు అటునుంచి అటే ఏ-ట్రైన్ ఎక్కి 175వ వీధిలో దిగితే, లాంబ్ మనకివ్వని ఇండియా ఎలా ఉందో కూడా చూసి రావచ్చు.